ఒకే గుంత, రెండు బొగ్గు ముక్కలు, 260 ఏళ్ళ తేడా: ఏ తేదీ తీసుకోవాలి?

కందకం-4 (ప్రశ్న)

అందరికీ నమస్కారం. రేడియోకార్బన్ తేదీలు చదవడం వచ్చినవాళ్ళ సాయం కావాలి.

ఒక ప్రాచీన నివాస స్థలంలో 1.1 మీటర్ల వ్యాసం, 70 సెం.మీ. లోతు ఉన్న గుంత బయటపడింది. దాని మూతిని దిమ్మిస కొట్టిన మట్టి నేల పూర్తిగా కప్పేసింది. గుంత పూడికలోంచి రెండు బొగ్గు ముక్కల్ని ఏఎమ్‌ఎస్ (కార్బన్-14 పరమాణువుల్ని నేరుగా లెక్కించే యంత్రం) ల్యాబ్‌కి పంపితే ఫలితాలు ఇలా వచ్చాయి:

ముక్క అ: 2710 ± 30 బీపీ (1950 నుంచి వెనక్కి లెక్కించే రేడియోకార్బన్ ఏళ్ళు). పూడిక మధ్యలో దొరికింది. 3 సెం.మీ. పొడవు, లావుపాటి కట్టెలోంచి విరిగినట్టుంది.

ముక్క ఆ: 2450 ± 30 బీపీ. గుంత అడుగున ఉన్న బూడిద పట్టీలోది. పెన్సిలంత లావు పుల్ల.

నా సందేహాలు మూడు. రెంటికీ సగటు తీసి 2580 అని రాయవచ్చా? లేదంటే "ఆ" ఒక్కటే తీసుకుని, 2450లోంచి 1950 తీసేసి క్రీ.పూ. 500 అని రాస్తే సరిపోతుందా? కుండ పెంకుల పోలికకు ఆ తేదీ బాగానే కుదురుతోంది. ఇక మూడోది: ఇంకో మూడు నమూనాలు పంపే వీలుంది, ఏవి పంపాలి? చేతిలో ఉన్నవి: బూడిద పట్టీ మట్టిని నీటిలో తేల్చినప్పుడు వచ్చిన 11 కాలిన ధాన్యపు గింజలు, అదే పట్టీ మీద కీళ్ళ వరుస చెదరకుండా పడి ఉన్న మేక లేదా గొర్రె కాలి ఎముకలు మూడు, గుంత కింది పొరలోంచి కొంత బొగ్గు, గుంతను కప్పిన నేలలో పాతిన గుంజ తాలూకు కాలిన మొదలు.

పొరలవారీ

సగటు మాత్రం వద్దండి. ఒకే ఘటనకు చెందిన రెండు కొలతలకే సగటు చెల్లుతుంది. ఇక్కడ తేడా 260. ఆ తేడాకు ఉన్న దోషం 30 వర్గం, 30 వర్గం కూడి వర్గమూలం తీస్తే సుమారు 42. అంటే తేడా దాని దోషానికి ఆరు రెట్లకు పైనే ఉంది. కొలతల్లో సహజంగా ఉండే ఊగిసలాట ఇంత తేడా తీసుకురాదు. ఆ రెండు ముక్కలూ వేర్వేరు కాలాల్లో పెరిగిన చెక్క. 2580 అన్నది ఏ చెట్టు వయసూ కాదు, ఏ మనిషి చేసిన పని తేదీ కూడా కాదు.

ఇక పొరల వరుస చూడండి. చిన్న వయసున్న "ఆ" అడుగున ఉంది, పెద్ద వయసున్న "అ" దానికి పైన ఉంది. అడుగు బూడిద పడ్డాకే మధ్య పూడిక పడింది. కాబట్టి "అ" గుంతలోకి చేరింది "ఆ" కాలంలోనో ఆ తర్వాతో తప్ప అంతకు ముందు కాదు. చెక్క పాతది, గుంతలో పడటం కొత్తది. ఇలా జరగడానికి రెండు దారులున్నాయి.

మొదటిది పాత చెక్క సమస్య. చెట్టు ఏటా ఒక వలయం పెంచుకుంటుంది, పెరగడం ఆగిన వలయం గాలిలోంచి కార్బన్ తీసుకోవడం మానేస్తుంది. 300 ఏళ్ళ మానును ఇవాళ కొట్టి పొయ్యిలో పెట్టినా, దాని నడిమి చేవలోంచి వచ్చిన బొగ్గు 300 ఏళ్ళ కిందటి తేదీనే చూపిస్తుంది. దూలాలు, తలుపులు ఒక ఇంట్లోంచి తీసి ఇంకో ఇంట్లో వాడి, చివరికి వంటచెరకు చేస్తే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఈజిప్టు పిరమిడ్ల గచ్చులో చిక్కుకున్న బొగ్గును 1984లో పరీక్షించినప్పుడు, రాజుల వరుస బట్టి లెక్కకట్టిన తేదీల కంటే సగటున 374 ఏళ్ళు పాతవిగా వచ్చాయి. 1995లో ఇంకా విస్తారంగా నమూనాలు తీస్తే ఆ తేడా 100-200 ఏళ్ళకు తగ్గింది కానీ పోలేదు. దొరికిన పాత కట్టెనల్లా గచ్చు కాల్చడానికి వాడారన్నదే దానికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

రెండోది పాత పొర సరుకు కలవడం. గుంత తవ్వినప్పుడు కింది పొరల మట్టి పైకి వస్తుంది, పూడ్చేటప్పుడు అదే మట్టి, అందులోని పాత బొగ్గుతో సహా, లోపలికి పోతుంది. కింది పొరలో బొగ్గు ఉందని మీరే రాశారు. "అ" అంచులు అరిగి గుండ్రంగా ఉన్నాయా, పదునుగా ఉన్నాయా? ఫొటోలో చూడండి. అరిగి ఉంటే మట్టితో పాటు దొర్లి వచ్చిందని అనుమానించాలి.

ఏఎమ్‌ఎస్ బల్ల

రెండో సందేహానికి నా జవాబు. 1950 తీసేయడం చాలా నివేదికల్లో కనిపించే తప్పు. బీపీ అంకె క్యాలెండర్ సంవత్సరం కాదు. గాలిలో సి-14 (కార్బన్-14) పాళ్ళు ఎప్పుడూ ఒకేలా ఉన్నాయని ఊహించి, ఈ పద్ధతిని కనిపెట్టిన లిబీ నాటి 5568 ఏళ్ళ అర్ధాయువుతో కట్టిన లెక్క అది. అసలు అర్ధాయువు 5730కి దగ్గర. అయినా పాత ఫలితాలతో పోల్చుకునేందుకు వీలుగా ల్యాబులన్నీ పాత అంకెనే వాడుతున్నాయి. ఈ తేడానీ, గాలిలో సి-14 హెచ్చుతగ్గుల్నీ కలిపి సరిచేసేదే క్యాలిబ్రేషన్. ఉత్తరార్ధగోళానికి ఇంట్‌కాల్20, దక్షిణానికి ఎస్‌హెచ్‌కాల్20, సముద్రపు నమూనాలకు మెరైన్20 అనే, బీపీ అంకెను క్యాలెండర్ ఏళ్ళకు మార్చే వక్రరేఖలు వాడాలి.

మీ స్థలం ఉత్తరార్ధగోళంలో ఉందనుకుంటే 95.4% స్థాయిలో "అ" సుమారు క్రీ.పూ. 910–805 మధ్య పడుతుంది. "ఆ" సుమారు క్రీ.పూ. 755–410 మధ్య, రెండు మూడు తునకలుగా పడుతుంది. దోషం ±30 ఒకటే అయినా ఒకదానికి వందేళ్ళ వెడల్పు, ఇంకోదానికి దాదాపు 350 ఏళ్ళు. కారణం హాల్‌స్టాట్ పీఠభూమి, అంటే వక్రరేఖ చదునుగా సాగే భాగం. సూర్యుడి చురుకుదనం తగ్గిన కాలంలో, క్రీ.పూ. 9, 8 శతాబ్దాల్లో, గాలిలో సి-14 పెరిగింది. ఆ తర్వాత క్రీ.పూ. 400 దాకా, క్షయమయ్యే వేగంతోనే మెల్లగా తగ్గుతూ వచ్చింది. క్రీ.పూ. 700 నాటి గింజలో మొదట సి-14 ఎక్కువ, క్షయమైందీ ఎక్కువే. క్రీ.పూ. 450 నాటి గింజలో మొదట తక్కువ, క్షయమైందీ తక్కువే. ఇవాళ రెంటిలో మిగిలింది దాదాపు సమానం. యంత్రం ఎంత నిక్కచ్చిగా కొలిచినా వాటిని విడదీయలేదు.

అందుకే మీ శీర్షికలో ఉన్న "260 ఏళ్ళ తేడా" నిజానికి 260 ఏళ్ళు కాదు. క్యాలెండర్ మీద ఆ ఎడం 50 ఏళ్ళే కావచ్చు, 500 కూడా కావచ్చు. 50 ఏళ్ళే అయితే మరీ ముసలి చెట్టు కూడా అక్కర్లేదు, ఓ మాదిరి మాను నడిమి చెక్క చాలు.

కల్తీ సంగతి కూడా లెక్క వేసి చూద్దాం. అసలు 2710 ఉన్న బొగ్గు 2450గా కనిపించాలంటే అందులో 8 శాతానికి పైగా ఆధునిక కార్బన్ చేరాలి. ల్యాబులో ఆమ్లం-క్షారం-ఆమ్లం శుద్ధి చేస్తారు: సాధారణంగా 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేడి చేసి సున్నం పోగొడతారు, సోడియం హైడ్రాక్సైడ్‌తో మట్టిలోంచి ఇంకిన హ్యూమిక్ ఆమ్లాలు కరిగిస్తారు, క్షారం గాలిలోంచి పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువు పోయేలా మళ్ళీ ఆమ్లంలో ముంచుతారు. ఇదయ్యాక 8 శాతం మిగలడం నమ్మదగ్గ మాట కాదు. ఇక తిరగేసి చూస్తే, అసలు 2450 ఉన్నది 2710గా కనిపించడానికి సి-14 లేని పెట్రోలియం కార్బన్ 3.2 శాతం చాలు. జిగురు, కిరోసిన్, తారు ఇలాంటివే. ఆమ్ల-క్షార శుద్ధికి ఇవి సరిగా లొంగవు. "అ"ను తీసేటప్పుడు, భద్రపరిచేటప్పుడు ఏమైనా పూశారా? దీనికి జవాబు ఇక్కడ రాయండి, చాలా ముఖ్యం.

ఆధునిక కార్బన్ ప్రభావం వయసును బట్టి ఎలా మారుతుందో కూడా గుర్తుంచుకోవాలి. 1 శాతం కలిస్తే 2500 ఏళ్ళ నమూనా సుమారు 30 ఏళ్ళే చిన్నదవుతుంది. 10,000 ఏళ్ళది 200 ఏళ్ళు, 40,000 ఏళ్ళది ఏకంగా 7,000 ఏళ్ళు చిన్నదవుతుంది. సి-14 లేని కార్బన్ 1 శాతం కలిస్తే మాత్రం ఏ వయసు నమూనా అయినా 80 ఏళ్ళు పెద్దదవుతుంది.

గింజలపెట్టె

మూడో ప్రశ్నకు: గింజ, గింజ, ఎముక. ఈ మూడూ పంపండి.

ధాన్యపు గింజ ఒక్క పంటకాలంలో పెరిగి ఆగిపోతుంది, దానికి పాత చెక్క సమస్య ఉండదు. అయితే 11 గింజల్నీ కలిపి ఒకే నమూనాగా ఎన్నడూ పంపకండి. అందులో రెండు పాత పొరవి కలిసి ఉంటే ఆ ఫలితం కూడా 2580 లాంటిదే అవుతుంది, పైగా కల్తీ ఉన్నట్టు తెలియను కూడా తెలియదు. రెండు గింజల్ని విడివిడిగా పంపండి. ఒక కాలిన గింజ 5 నుంచి 10 మి.గ్రా. తూగుతుంది. శుద్ధిలో సగమో అంతకన్నా ఎక్కువో పోయినా, ఏఎమ్‌ఎస్‌కి కావాల్సింది సుమారు 1 మి.గ్రా. కార్బన్ కాబట్టి ఒక గింజ సాధారణంగా సరిపోతుంది. గుల్లబారి నొక్కితే పొడయ్యే గింజ శుద్ధిలో క్షారంలోనే కరిగిపోవచ్చు, గట్టి గింజల్ని ఎంచండి. పంపే ముందు ఫొటో, పొడవు, వెడల్పు, జాతి నిర్ధారణ పూర్తి చేసుకోండి. పరీక్ష తర్వాత గింజ మిగలదు. బొగ్గుకైనా ఇదే నియమం.

గింజలకు ఉన్న బలహీనత వాటి చిన్నతనం. చీమలు, ఎలుకలు, వేర్ల సందులు వాటిని పై పొరల్లోంచి కిందికి దింపుతాయి. మీవి బూడిద పట్టీలో ఒకేచోట 11 దొరికాయి, పైన గట్టి నేల మూత ఉంది, కాబట్టి భయం తక్కువ. మట్టిని నీటిలో తేల్చిన తీరు మాత్రం ఒకసారి సరిచూసుకోండి. నమూనాకు నమూనాకు మధ్య తొట్టి, జల్లెడ కడగకపోతే ఒక పొర గింజ ఇంకో పొర సంచిలో చేరుతుంది. తేలినవాటిని పట్టే జల్లెడ కన్ను 0.25–0.3 మి.మీ. ఉంటుంది, దాని అంచు మడతల్లోనే గింజలు ఇరుక్కుంటాయి.

ఇక ఎముక. కీళ్ళ వరుస చెదరకుండా దొరకడం మీ అదృష్టం. పాత పొరలోంచి దొర్లి వచ్చిన ఎముకలు అలా వరుసలో ఉండవు. కండ, నరాలు పట్టి ఉండగానే ఆ కాలు అక్కడ పడింది. మూడూ ఒకే జంతువువి కాబట్టి ఒక్కటి పంపితే చాలు. పొడవాటి ఎముక నడిమి దళసరి భాగంలోంచి 1 గ్రాము దాకా కోయండి, చివర ఉండే మెత్తటి స్పంజి భాగం వద్దు. మొత్తం ఎముకలో నైట్రోజన్ ఎంతుందో ముందు కొన్ని మిల్లీగ్రాములతో పరీక్ష చేయించండి. 0.7 శాతం కంటే బాగా తక్కువుంటే, తేదీ కట్టడానికి పనికొచ్చే ఎముక ప్రొటీన్ కొల్లాజెన్ దొరకదు, అప్పుడు ఆ స్థానంలో మూడో గింజ పంపండి. వేడి నేలల్లో ఎముక పైకి గట్టిగా కనిపించినా లోపల కొల్లాజెన్ ఉండకపోవడం మామూలే. తీసిన కొల్లాజెన్ ఎముక బరువులో కనీసం 1 శాతం ఉందా, దాని కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి 2.9–3.6 మధ్య ఉందా అని రిపోర్టులో చూడండి. ఆ హద్దు దాటితే తేదీని పక్కన పెట్టాల్సిందే. గడ్డి మేసే జంతువు కావడం కూడా మంచిదైంది. చేపలు తినే మనిషిదో కుక్కదో అయితే, సముద్రపు నీటిలోని పాత కార్బన్ వల్ల వయసు వందల ఏళ్ళు ఎక్కువ చూపిస్తుంది.

కట్టే పద్ధతి: లోహపు పట్టుకారుతో ఎత్తి, అల్యూమినియం ఫాయిల్లో మడిచి, జిప్ సంచిలో పెట్టి, దాన్ని ఇంకో సంచిలో పెట్టండి. చీటీ రెండు సంచుల మధ్య ఉండాలి, నమూనాకు తగలకూడదు. దూది, టిష్యూ కాగితం అసలు వద్దు, వాటి పోగులూ కార్బనే. తడి నమూనాను మూసి పెడితే బూజు పడుతుంది. 40 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టండి, లేదా ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచి త్వరగా పంపండి. క్రిమిసంహారకాలు చల్లొద్దు.

కందకం-4

చాలా కృతజ్ఞతలు. "అ" అంచులు పదునుగానే ఉన్నాయి, ఏమీ పూయలేదు. గుంజ మొదలుకు మాత్రం పైకెత్తే ముందు పారలాయిడ్ బి-72 పూశారు. దానికి 70 దాకా వలయాలున్నాయి, ఒకవైపు బెరడు కూడా ఉంది. కానీ ఒక సందేహం. గింజలు కూడా 2450 దగ్గరే వస్తే పీఠభూమి మీదే కదా ఉంటాం? మరి పంపి లాభమేమిటి?

కాలరేఖ

మంచి ప్రశ్న అడిగారు. రెండు గింజలూ ఒకే మాట చెబితే వాటిని కలిపి దోషాన్ని ±30 నుంచి ±20 దాకా తగ్గించవచ్చు. పీఠభూమి మీద మాత్రం దానివల్ల వెడల్పు పెద్దగా తగ్గదు, ఎక్కువ ఆశ పెట్టుకోకండి. గింజల వల్ల ఒరిగేది వేరే: గుంత వాడిన కాలం నిజంగా పీఠభూమిలోనే ఉందని స్థిరపడుతుంది. "ఆ" పుల్ల ఒక్కదాని మీద ఆధారపడితే ఆ మాట ధైర్యంగా అనలేం. థెర్మోల్యూమినెసెన్స్ (కాల్చిన కుండ పెంకుల్ని వేడిచేసి వయసు కట్టే పద్ధతి) కూడా గట్టెక్కించదు. దాని దోషం వయసులో 5–10 శాతం, అంటే 2500 ఏళ్ళకు 125 నుంచి 250.

ఈ చిక్కులోంచి బయటపడే దారి మీ గుంజలోనే ఉంది. వలయాల మధ్య ఎడం మనకు కచ్చితంగా తెలుసు. బెరడు నుంచి లోపలికి ప్రతి పదో వలయం దగ్గర ఐదేసి వలయాల ముక్క తీస్తే 70 వలయాలకు ఏడు నమూనాలు వస్తాయి. ఆ ఏడు తేదీల హెచ్చుతగ్గుల వరుసను వక్రరేఖ ఒంపుల మీద జరుపుతూ ఎక్కడ అతుకుతుందో చూడటమే విగిల్ మ్యాచింగ్. పీఠభూమి నున్నగా ఉండదు, దాని మీద చిన్న చిన్న ఒంపులున్నాయి. 70 వలయాలు ఈ పనికి అంత ఎక్కువేమీ కాదు, రెండు చోట్ల అతికే ప్రమాదం ఉంది. అయినా 350 ఏళ్ళ వెడల్పు కొన్ని దశాబ్దాలకు దిగడం సాధ్యమే. పైగా క్రీ.పూ. 660 ప్రాంతంలో గాలిలో సి-14 ఒక్కసారిగా పెరిగింది. మీ వలయాల్లో ఆ ఏళ్ళు ఉంటే, ఏటి వలయం ఏటికి కొలిచినప్పుడు ఆ దూకుడు కనిపిస్తుంది. క్రీ.శ. 993 నాటి అలాంటి దూకుడును వలయాల్లో పట్టుకుని, అక్కడి నుంచి బెరడు దాకా లెక్కపెట్టడం ద్వారానే, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఉన్న వైకింగ్ స్థావరం లాన్స్ ఓ మెడోస్ చెక్కలను 1021లో నరికారని 2021లో తేల్చారు. బెరడు ఉంది కాబట్టే నరికిన ఏడు దొరికింది. మీ గుంజ బెరడును ప్రాణంగా కాపాడండి.

పారలాయిడ్ పెట్రోలియం సరుకు నుంచి తయారయ్యే అక్రిలిక్ రెసిన్. ఏఎమ్‌ఎస్ బల్ల గారు చెప్పిన సి-14 లేని కార్బన్ అంటే ఇదే. ఇది అసిటోన్‌లో కరుగుతుంది. ఏం పూశారో, ఎంత గాఢతో, ఏ ద్రావకంలో కలిపారో రాసి ల్యాబ్‌కి ఇస్తే ద్రావకాల శుద్ధి ముందు చేసి, ఆ తర్వాత ఆమ్ల-క్షార శుద్ధికి వెళ్తారు. వీలైతే మొదలును అడ్డంగా కోసి, జిగురు ఇంకని లోపలి తలం మీద నమూనాలు తీయించండి. పూసిన సంగతి దాచితే ఏడు తేదీలూ ఒకే దిక్కుకు జరుగుతాయి, అతుకు చూడటానికి బాగానే ఉండి తప్పు చోట పడుతుంది.

తర్వాత ఆక్స్‌కాల్ అనే క్యాలిబ్రేషన్ ప్రోగ్రాంలో వరుస కట్టండి: కింద గుంత వాడకం (గింజలు, ఎముక, "ఆ"), దాని పైన నేల, గుంజ నరికిన ఏడు. గుంజ నరకడం గుంత తర్వాతే అన్న షరతుతో గింజల తేదీల వెడల్పు కూడా కొంత కోసుకుపోతుంది. ఒక హెచ్చరిక: గుంజ ఇంకో ఇంట్లోంచి తెచ్చిన పాతదైతే ఈ షరతు చెల్లదు. పాత మొలల బెజ్జాలు, పనికిరాని గాడులు ఉన్నాయేమో చూడండి. తేదీలు ఈ వరుసతో ఎంత పొసుగుతున్నాయో చెప్పే మోడల్ ఒప్పుదల సూచిక 60 కంటే తగ్గితే అంకెల్ని కాదు, ముందు పొరల వరుసను అనుమానించండి.

పొరలవారీ

అంచులు పదునుగా ఉన్నాయంటే "అ" పాత చెక్క అన్న వైపే మొగ్గుతాను. అలాగని దాన్ని నివేదికలోంచి తీసేయొద్దు. "గుంత దీని తర్వాతది" అనే హద్దుగా మోడల్‌లో పెట్టండి, లేదా బొగ్గు కోసమే ఉన్న, పాత చెక్క తేడాను లెక్కలోకి తీసుకునే అవుట్‌లయర్ మోడల్ వాడండి. కింది పొర బొగ్గులో పుల్లలో, రెమ్మలో ఉంటే వాటిలో ఒకటి తర్వాత పంపవచ్చు. లావు ముక్కలైతే వద్దు.

ఏఎమ్‌ఎస్ బల్ల

నివేదికలో ప్రతి తేదీకి ల్యాబ్ కోడ్, పదార్థం, జాతి, పొర సంఖ్య, శుద్ధి పద్ధతి, డెల్టా-13 విలువ (కార్బన్-13 పాళ్ళ కొలత), క్యాలిబ్రేట్ చేయని బీపీ అంకె, దోషం తప్పక ఉండాలి. ఆ తర్వాత క్యాలిబ్రేట్ చేసిన పరిధి, వక్రరేఖ పేరు, ప్రోగ్రాం వెర్షన్ రాయండి. "2450 ± 30 బీపీ, క్రీ.పూ. 755–410 (95.4%), ఇంట్‌కాల్20" అన్నట్టు. రేపు కొత్త వక్రరేఖ వస్తే బీపీ అంకె నుంచే మళ్ళీ లెక్క కట్టుకోవాలి. అది లేకుండా "క్రీ.పూ. 6వ శతాబ్దం" అని మాత్రమే అచ్చు వేస్తే తర్వాతివాళ్ళకు ఏమీ చేతికందదు. ఆ పరిధికి నడిమి అంకె తీసి అదే తేదీ అని కూడా రాయకండి. పరిధి తునకలైనప్పుడు నడిమి సంవత్సరం ఒక్కోసారి తునకల మధ్య ఖాళీలో పడుతుంది.